సంగీతోత్సవం కోఆర్డినేషన్ మొదటిసారి మీద పడితే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆరుబయట ఒకరోజు సంగీతోత్సవం, రెండు స్టేజీలు, పదకొండు బృందాలు, నాలుగు వేల మంది దాకా వస్తారని అంచనా. ఆర్టిస్టులంతా ఒప్పుకున్నారు. టైములతో సహా పోస్టర్ వదిలేద్దామని టీమ్ తొందరపెడుతోంది. చిన్న కచేరీలు చేసిన అనుభవం ఉంది గానీ ఇంత పెద్దది ఇదే మొదలు, చాలా టెన్షన్‌గా ఉంది, అసలు ఈ పనిలో ఏమేం వస్తాయి, ఏది ముందు చేయాలి అని.

సూటిగా చెప్తాను. పోస్టర్ మీద తేదీ, పేర్లు వేసుకోండి. టైములు మాత్రం ఇప్పుడే వేయకండి. ముందు స్థలం ప్లాన్ స్కేలు ప్రకారం గీయించండి. తర్వాత ఒక్కో బృందంతో కూర్చుని టెక్నికల్ వివరాలు తేల్చుకోండి. ఆ రెండూ చేతికి వచ్చాకే టైమ్‌టేబుల్ వేయడం కుదురుతుంది. వీటితో పాటు ఒకే ఒక్క కాగితం మీద, ఏ నిర్ణయం ఎవరిదో పేర్లతో రాసి అందరితో ఒప్పించండి. ముఖ్యంగా, అవసరమైతే కార్యక్రమాన్ని మధ్యలో ఆపే అధికారం ఎవరిదో అందులో ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే మిగతా పనులు ఎన్ని ఉన్నా తెములుతాయి.

నేను ముందు స్టేజ్ మేనేజర్‌గా, తర్వాత ప్రొడక్షన్ మొత్తం చూసుకునే మనిషిగా చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఉత్సవాల్లో గొడవ ఎక్కువగా పుట్టేది ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట. సౌండ్ చెక్ ఎప్పటికి అయిపోతుందో సౌండ్ వాళ్లకు తెలుసు. గేటు ఎప్పుడు తెరవాలో సెక్యూరిటీ వాళ్లకు తెలుసు. సౌండ్ చెక్ అరగంట ఆలస్యమైతే గేటు ఆపాలా వద్దా, ఆపితే బయట క్యూలో ఉన్నవాళ్లకు ఎవరు చెప్పాలి అన్నది మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆ అరగంట మీది. కోఆర్డినేటర్ ఉండేది అందుకే. మిగతా అన్ని పనులకూ ఎవరో ఒకరు ఉంటారు.

ముందు స్థలం

కాగితం మీద ఉజ్జాయింపుగా గీసిన బొమ్మ సరిపోదు. కొలతలు తీసి, స్కేలు ప్రకారం గీసిన ప్లాన్ కావాలి. దాని మీద స్టేజీలు, సౌండ్ కంట్రోల్ టెంటు, జనరేటర్లు, లోపలికి వచ్చే గేట్లు, బయటికి వెళ్లే గేట్లు, అంబులెన్స్ దారి, ఆర్టిస్టుల వాహనాలు ఆగే చోటు అన్నీ ఉండాలి. అంబులెన్స్ దారిని ముందు గీసి, మిగతావాటిని దాని చుట్టూ సర్దండి. చివర్లో గీద్దామనుకుంటే అప్పటికి చోటు మిగలదు.

స్టేజ్ ఎటు తిరిగి ఉండాలన్నది చాలామంది ఆలోచించరు. స్టేజ్ పడమటికి తిరిగి ఉంటే సాయంత్రం ఎండ నేరుగా ఆర్టిస్టుల కళ్లలో పడుతుంది. ఎల్ఈడీ స్క్రీన్ మీద బొమ్మ కనిపించదు. తూర్పుకు తిరిగి ఉంటే ప్రేక్షకులు సూర్యుడిని చూస్తూ కూర్చోవాలి. వీలైతే ఉత్తరమో దక్షిణమో పెట్టుకోండి. ఏ వైపూ కుదరకపోతే ఎండ సూటిగా పడే ఆ గంటలో ఏ బృందం ఉంటుందో చూసి, వాళ్లకు ముందే చెప్పండి. ఎండలో తీగ వాయిద్యాల శ్రుతి నిలవదు. కాబట్టి స్టేజ్ పక్కన వాయిద్యాలు పెట్టుకోవడానికి నీడ ఉండి తీరాలి.

మీవి రెండు స్టేజీలు కాబట్టి ఇంకో మాట. రెండూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టకండి. పై స్థాయి స్వరాలను స్పీకర్లతో ఒక దిక్కుకు పంపొచ్చు గానీ బేస్, అంటే కింది స్థాయి శబ్దం, అన్ని దిక్కులకూ పోతుంది. అవతలి స్టేజ్ మీద డ్రమ్స్ చెక్ జరుగుతుంటే ఇవతల ఒంటరి గొంతుతో పాడే గాయని పాట పాడైపోతుంది. రెండు స్టేజీలకూ బాగా దూరం పెట్టలేకపోతే వంతులవారీగా నడపండి: ఒకచోట పాట జరుగుతున్నంతసేపు రెండోచోట సామాను మార్చుకోవడం, హెడ్‌ఫోన్లలో చెక్ చేసుకోవడం మాత్రమే. మీ స్థాయి ఉత్సవానికి ఇదే మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ప్రేక్షకులకు ఎక్కడా ఖాళీ ఉండదు, ఒక బృందం కోసం ఇంకో బృందాన్ని వదులుకోవాల్సిన అవసరమూ ఉండదు.

మైదానం లోతుగా ఉంటే వెనక ఉన్నవాళ్ల కోసం మధ్యలో ఇంకో జత స్పీకర్లు పెడతారు. శబ్దం సెకనుకు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కదా, 60 మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్లను దాదాపు 175 మిల్లీసెకన్లు ఆలస్యం చేయకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ఆ లెక్క సౌండ్ ఇంజనీర్ చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఆ స్పీకర్ల స్తంభాలకు ప్లాన్‌లో చోటు ఇవ్వడం, అక్కడికి కేబుల్ వెళ్లే దారిని జనం నడిచే దారికి అడ్డం లేకుండా చూడడం.

ఇప్పుడు జనం లెక్క. మైదానం మొత్తం కొలతను పట్టుకుని ఇంతమంది పడతారని లెక్క వేయకండి. స్టాళ్లు, టెంట్లు, నడిచే దారులు, స్టేజ్ కనిపించని మూలలు అన్నీ తీసేయండి. మిగిలిన చోటులో చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున లెక్క కట్టండి. జనం సమానంగా పరుచుకోరు, ముందు వరుసల్లో ఒత్తిడి దానికంటే ఎక్కువే ఉంటుంది. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలడం కష్టమవుతుంది. ఏడుగురి దగ్గరికి వస్తే జనసమూహం మొత్తం ద్రవంలా కదులుతుందని, ఆ స్థితిలో ఎవరి అదుపులోనూ ఉండదని ఈ విషయంపై పనిచేసిన జాన్ ఫ్రుయిన్ ఎప్పుడో చెప్పాడు. అప్పుడు మనుషులు చనిపోయేది ఎక్కువగా తొక్కిసలాట వల్ల కాదు, నిలబడ్డచోటే ఊపిరాడక.

బయటికి వెళ్లే దారికి ఒక లెక్క ఉంది. బ్రిటన్‌లో స్టేడియాల కోసం వాడే గ్రీన్ గైడ్ ప్రకారం చదునైన నేల మీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి గరిష్ఠంగా 82 మంది వెళ్లగలరు. నాలుగు వేల మంది 8 నిమిషాల్లో బయటపడాలంటే కనీసం 6 మీటర్ల పైచిలుకు వెడల్పు కావాలి. అది కాంక్రీటు మీద, వెలుతురులో. చీకట్లో, గడ్డి మీద అంత వేగం రాదు. పైగా ఒక గేటు మూసుకుపోయిందనుకుని లెక్క వేయాలి. మూడు మీటర్ల గేట్లు రెండు ఉన్నాయి, సరిపోతాయి అనుకోకండి. అవే నాలుగు పెట్టించి, నాలుగు దిక్కులా చెదరగొట్టండి.

వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉండడం బేరసారాలకు తావులేని విషయం. 2010లో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో లవ్ పెరేడ్ అనే సంగీతోత్సవానికి వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ ఒకే ర్యాంపు మీద ఎదురుపడ్డారు. 21 మంది చనిపోయారు. స్టేజ్ మీద ఏ తప్పూ జరగలేదు. తప్పంతా దారిలో ఉంది, అంటే ప్లాన్‌లో ఉంది.

బృందాల నుంచి వివరాలు రాబట్టడం

ఈ పనికి ఎంత సమయం పెడితే ఉత్సవం రోజు అంత నిమ్మళంగా ఉంటారు. నా దృష్టిలో కోఆర్డినేటర్ అసలు నైపుణ్యం ఇక్కడే బయటపడుతుంది.

ప్రతి బృందం నుంచి మూడు కాగితాలు కావాలి: రైడర్, ఇన్‌పుట్ లిస్ట్, స్టేజ్ ప్లాట్. రైడర్ అంటే వాళ్ల అవసరాల పట్టిక. ఇన్‌పుట్ లిస్ట్ అంటే ఏ మైకు, ఏ వాయిద్యం ఏ చానెల్లోకి వెళ్తుందో. స్టేజ్ ప్లాట్ అంటే ఎవరు ఎక్కడ నిలబడతారో చూపించే బొమ్మ. మెయిల్ పెడితే మూడూ పంపేస్తారు. వాటిలో చాలావరకు పాతవే. ఏడాది క్రితం బృందంలో ఉన్న గిటారిస్టు పేరు ఇంకా అందులో ఉంటుంది. అందుకే కాగితం అందాక ఫోన్ చేయాలి, మేనేజర్‌తో సరిపెట్టుకోకుండా స్టేజ్ మీద వాయించే మనిషితో మాట్లాడాలి.

ఒకసారి ఓ బృందం పన్నెండు ఇన్‌పుట్ల లిస్ట్ పంపింది. ఫోన్‌లో వాళ్ల డ్రమ్మర్‌ని, "మీకు తాళం క్లిక్ ఎక్కణ్నుంచి వినిపిస్తుంది?" అని అడిగాను. క్లిక్ అంటే లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం. లాప్‌టాప్ నుంచి అన్నాడు. లాప్‌టాప్ నుంచి ఇంకేమైనా వస్తుందా అంటే, కోరస్, వయొలిన్ల ట్రాకులు కూడా వస్తాయి, అవి స్టీరియోలో అన్నాడు. అంటే లిస్టులో లేని మూడు చానెళ్లు (క్లిక్‌కు ఒకటి, స్టీరియో ట్రాకులకు రెండు), వాటికి డీఐ బాక్సులు (లాప్‌టాప్ శబ్దాన్ని మిక్సర్‌కు సరిపడేలా మార్చి పంపే చిన్న పెట్టెలు), డ్రమ్స్ పక్కన లాప్‌టాప్ పెట్టుకోవడానికి చిన్న బల్ల, ఆ బల్ల దగ్గరికి ఒక కరెంటు పాయింటు. పైగా క్లిక్ ఆ డ్రమ్మర్ చెవికే తప్ప జనం వైపు స్పీకర్లకు పోకుండా చూడాలి. ఒక్క ప్రశ్నతో ఇన్ని బయటపడ్డాయి. ఇవే స్టేజ్ మీద, జనం ఎదురుచూస్తుండగా బయటపడితే ఇరవై నిమిషాలు పోతాయి.

నేను తప్పకుండా అడిగేవి కొన్ని. మీ సౌండ్ ఇంజనీర్ మీతో వస్తున్నారా, మా వాళ్లే చూడాలా? మానిటర్ స్పీకర్లు (వాయించేవాళ్లు తమ శబ్దం తాము వినడానికి స్టేజ్ మీద పెట్టేవి) కావాలా, చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ వాడతారా, వాడితే వాటి వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీలు ఏమిటి? డ్రమ్స్, ఆంప్లిఫయర్లు మావి వాడతారా, మీవి తెస్తారా? ఎన్ని వాహనాలు, ఎంతమంది మనుషులు, ఎన్నింటికి దిగుతారు? మీ తర్వాత అదేరోజు ఇంకోచోట కార్యక్రమం ఉందా? మెట్లు ఎక్కలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. స్టేజ్ వెనక ర్యాంపు ఉండాలా వద్దా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

ఫ్రీక్వెన్సీల మాట తేలిగ్గా తీసుకోకండి. పదకొండు బృందాలు తమ తమ వైర్‌లెస్ మైకులు తెచ్చి, రెండు స్టేజీల మీద ఇష్టమొచ్చినట్టు ఆన్ చేస్తే ఒకరి గొంతు ఇంకొకరి దాంట్లో దూరుతుంది. ఒక మనిషికి ఆ బాధ్యత ఇచ్చి, ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ అన్న పట్టిక ముందే వేయించండి. అందులో మీ వాకీటాకీలు కూడా ఉండాలి.

వివరాలన్నీ వచ్చాక స్టేజ్‌కి ఒకే మాస్టర్ ప్యాచ్, అంటే అన్ని బృందాలకూ పనికొచ్చే ఒకే చానెళ్ల వరుస, వేయమని సౌండ్ టీమ్‌ను అడగండి. 1 నుంచి 8 దాకా డ్రమ్స్, 9 బేస్ గిటారు, తర్వాత గిటార్లు, కీబోర్డులు, చివర్లో గొంతులు, ఇలా. ప్రతి బృందమూ ఆ వరుసలోనే సర్దుకుంటుంది, వాళ్లకు అక్కర్లేని చానెళ్లు ఖాళీగా ఉంటాయి. బృందం మారినప్పుడల్లా కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చే పని తప్పుతుంది. తప్పు గుచ్చడం కూడా తప్పుతుంది. కొందరు ఆర్టిస్టులు తమ సొంత వరుసే కావాలంటారు. చివరి పెద్ద బృందానికి తప్ప ఇంకెవరికీ ఒప్పుకోవద్దని నా సలహా.

ఇప్పుడు టైమ్‌టేబుల్

పాడే సమయం కంటే ముందు చేంజోవర్ లెక్క పెట్టండి, అంటే ఒక బృందం దిగి ఇంకో బృందం సిద్ధమయ్యే వ్యవధి. ఇద్దరు ముగ్గురున్న చిన్న బృందానికి పదిహేను నిమిషాలు చాలు. డ్రమ్స్, కీబోర్డులు, హార్న్‌లు ఉన్న బృందానికి అరగంట ఇవ్వాలి. చక్రాల రైజర్లు (వాయిద్యాలు పెట్టే కదిలే చిన్న వేదికలు) ఉంటే తర్వాతి బృందం డ్రమ్స్‌ను వెనకే బిగించి ఉంచి, సమయానికి ముందుకు తోసెయ్యొచ్చు. వాటికి పెట్టే ఖర్చు వృథా కాదు.

అందరికీ పూర్తి సౌండ్ చెక్ ఇస్తామని మాట ఇవ్వకండి. పదకొండు బృందాలకు అది అయ్యే పని కాదు. గేట్లు తెరవకముందు ఒక్కో స్టేజ్ మీద చివర వాయించే బృందానికీ, మొదట వాయించే బృందానికీ ఇవ్వండి. చివరివాళ్లది ముందు, మొదటివాళ్లది ఆఖరున. అప్పుడు మొదటివాళ్ల సామాను కదపకుండా అలాగే ఉంచి కార్యక్రమం మొదలుపెట్టొచ్చు. మధ్యలో వచ్చేవాళ్లకు లైన్ చెక్ మాత్రమే, ప్రతి చానెల్లో శబ్దం వస్తోందా అని చూసుకోవడం. ఈ సంగతి ముందే చెప్తే ఎవరూ బాధపడరు. వచ్చాక చెప్తే అవమానంగా తీసుకుంటారు, వాళ్లు అలా తీసుకోవడంలో తప్పు లేదు కూడా.

ఆలస్యం అవుతుంది. అది ఎక్కడ పోతుందో ముందే నిర్ణయించుకోవాలి. చేతిలో ఉన్న అదనపు సమయాన్నంతా చివర్లో పెడితే మధ్యాహ్నం జరిగిన పది నిమిషాల ఆలస్యం రాత్రి దాకా ప్రతి బృందాన్నీ వెంటాడుతుంది. మధ్యలో ఒకచోట, చివరి బృందానికి ముందు ఇంకోచోట పదిహేనేసి నిమిషాలు దాచండి. ఇది స్టేజ్ మేనేజర్లకూ మీకూ తప్ప ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు. స్టేజ్ అంచున ఆర్టిస్టుకు కనిపించేలా పెద్ద గడియారం పెట్టండి. ఐదు నిమిషాలు ఉన్నాయని చూపించడానికి ఒక అట్ట, ఆఖరి పాట అని ఇంకో అట్ట స్టేజ్ మేనేజర్ చేతిలో ఉండాలి. ఎవరైనా సమయం దాటితే వాళ్లకే పాట తగ్గాలి, తర్వాత వచ్చేవాళ్లకు తగ్గకూడదు. మొదట వాయించే కొత్త బృందాల సమయం కోసి పెద్దవాళ్లకు ఇవ్వడం చాలాచోట్ల మామూలైపోయింది. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఆ పాతిక నిమిషాల కోసం వాళ్లు నెలల తరబడి సాధన చేసి వస్తారు.

టైమ్‌టేబుల్ ఫైలు ఒక్కటే ఉండాలి, దాన్ని మార్చే చేయి కూడా ఒక్కటే. ప్రతి కాపీ మూలన వెర్షన్ నంబరు, తేదీ వేయండి. పాత కాపీలు గోడల మీద నుంచి పీకేయించండి. రెండు వెర్షన్లు తిరుగుతుంటే ఎవరికి వాళ్లు తమదే సరైనదని నమ్ముతారు.

ఆపే అధికారం

ఇది ఉత్సాహంగా మాట్లాడుకునే విషయం కాదు, అందుకే మీటింగుల్లో చివరికి జరిగిపోతుంది. మీరు దాన్ని మొదటి మీటింగులోనే పెట్టండి.

2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో గాలికి స్టేజ్ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. కట్టడం బలహీనంగా ఉండడం ఒక కారణం. కార్యక్రమం వాయిదా వేసే నిర్ణయం ఎవరిదో స్పష్టంగా లేకపోవడాన్ని కూడా తర్వాత జరిగిన విచారణ ఎత్తి చూపింది. అదే నెల 18న బెల్జియంలో పుకెల్‌పాప్ ఉత్సవం మీద తుపాను విరుచుకుపడి ఐదుగురు పోయారు. 2021 నవంబరు 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవంలో జనం ఒత్తిడికి పది మంది ప్రాణాలు పోయాయి. ప్రమాదం జరిగిందని అధికారులు ప్రకటించాక కూడా పాట అరగంటకు పైగా సాగింది. ఆపాలని తెలిసినవాళ్లకూ, ఆపగలిగినవాళ్లకూ మధ్య దూరం ఎంత ఖరీదైనదో ఇవి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి కాగితం మీద రాయండి. ఆపమని చెప్పగలిగేవాళ్లు ఎవరు? నేనైతే ఒక్కరికే వదిలేయను: ఈవెంట్ బాధ్యుడు, సేఫ్టీ చూసే మనిషి, స్టేజ్ నిర్మాణం చూసే ఇంజనీర్, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు చెప్పినా ఆగాలి. మళ్లీ మొదలుపెట్టడానికి మాత్రం ముగ్గురూ ఒప్పుకోవాలి. ఆర్టిస్టు దగ్గరికి వెళ్లి చెప్పేది ఎవరు? స్టేజ్ మేనేజర్, ఆ బృందం మేనేజర్‌ను పక్కన పెట్టుకుని. పాట మొదలయ్యే ముందే ఇద్దరికీ పరిచయం అయి ఉండాలి. ప్రేక్షకులకు చెప్పే మాటలు ఏవి? అవి ముందే రాసి, లామినేట్ చేసి, సౌండ్ కంట్రోల్ దగ్గర ఒకటి, స్టేజ్ పక్కన ఒకటి ఉంచండి. ఆపినప్పుడు సంగీతం ఆగాలి, మైకు పనిచేయాలి, మైదానం లైట్లు వెలగాలి. కంగారులో మెయిన్ స్విచ్ ఆపేస్తే చీకట్లో, మాట వినపడని జనం మిగులుతారు.

దీన్ని ఉత్సవం రోజు ఉదయం మొత్తం సిబ్బందితో ఒకసారి చేసి చూడండి. ఐదు నిమిషాల పని.

గాలి విషయంలో ఇంకొంచెం. స్టేజ్ పైకప్పు, చుట్టూ కట్టిన గుడ్డలు తెరచాపల్లాగే గాలిని పట్టుకుంటాయి. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. కాబట్టి కొంచెమే పెరిగింది కదా అన్న మాట చెల్లదు. స్టేజ్ కట్టేవాళ్లను రాతపూర్వకంగా అడగండి: ఏ వేగం దగ్గర గుడ్డలు విప్పాలి, ఏ వేగం దగ్గర స్పీకర్లు, స్క్రీన్ కిందికి దించాలి, ఏ వేగం దగ్గర స్టేజ్ ఖాళీ చేయాలి. ఈ అంకెలు ఒక్కో కట్టడానికి ఒక్కోలా ఉంటాయి, ఇంకోచోట విన్నవి వాడకూడదు. గాలిని కొలిచే మీటరు స్టేజ్ పైభాగంలో ఉండాలి, కింద కాదు. మేం చేసిన ఓ ఉత్సవంలో సాయంత్రం గాలి మొదటి హద్దు దాటింది. నిర్మాణం చూసే అతను వచ్చి అంకె చెప్పాడు, నేను లాగ్ పుస్తకంలో టైము రాశాను, తర్వాతి చేంజోవర్‌లోనే పక్క గుడ్డలన్నీ విప్పేశారు. ఎవరినీ అడగాల్సిన పని పడలేదు, ఎవరూ వాదించలేదు. ప్రేక్షకుల్లో చాలామంది గమనించి కూడా ఉండరు. నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టే అంత సాఫీగా జరిగింది.

మెరుపులకు 30-30 అని ఒక పద్ధతి ఉంది. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, ఆపాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ మొదలుపెట్టాలి. జనాన్ని ఎక్కడికి పంపుతారో కూడా ముందే తెలిసి ఉండాలి. ఆరుబయట గుడ్డ టెంటు రక్షణ కాదు.

మనుషులు, వాకీటాకీలు

ఉత్సవం రోజు మీరు ఏ పనీ సొంతంగా చేయకండి. కుర్చీలు మోయడం, ఆర్టిస్టును తీసుకురావడానికి వెళ్లడం లాంటివి మీవి కావు. మీరు ఒకచోట ఉండాలి, మీరు అక్కడే ఉంటారని అందరికీ తెలియాలి. పక్కన ఒక మనిషి లాగ్ పుస్తకం రాస్తూ ఉండాలి: టైము, ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏం చేశాం. నాలుగు ముక్కలు చాలు. రాత్రయ్యేసరికి బుర్ర పనిచేయదు, అప్పుడు ఆ పుస్తకమే మీ జ్ఞాపకం.

వాకీటాకీ చానెళ్లు వేరుచేయండి: స్టేజీలకు ఒక్కొక్కటి, సెక్యూరిటీకి ఒకటి, వైద్యానికి ఒకటి, మామూలు పనులకు ఒకటి. పేర్లతో పిలవొద్దు, పనితో పిలవండి: "స్టేజ్ ఒకటి", "గేటు రెండు". షిఫ్టు మారి మనిషి మారినా పిలుపు మారదు. ఆపద వస్తే సంకేత పదాల కంటే మామూలు మాటలే మంచివి: ఎక్కడ, ఏమైంది, ఏం కావాలి. కొత్త వాలంటీరుకు సంకేతం గుర్తుండదు. స్పీకర్ల పక్కన పనిచేసేవాళ్లకు హెడ్‌సెట్లు ఇవ్వండి, లేకపోతే పిలిచినా వినపడదు.

వాలంటీర్లకు ఒక్కొక్కరికి ఒకే పని, ఎవరికి చెప్పుకోవాలో ఒక్క పేరు, ఎప్పుడు విశ్రాంతి, అప్పుడు వాళ్ల చోట ఎవరు. ఈ నాలుగూ లేని వాలంటీరు మధ్యాహ్నానికి ప్రేక్షకుడైపోతాడు.

మిగతావి త్వరగా చెప్తాను. సౌండ్‌కూ లైట్లకూ కరెంటు వేరువేరుగా తీయండి, లేకపోతే లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ల గుయ్‌మనే శబ్దం స్పీకర్లలో వినిపిస్తుంది. జనరేటర్‌కు తోడు ఇంకోటి సిద్ధంగా ఉండాలి, ఇంధనం ఎప్పుడు పోస్తారో టైమ్‌టేబుల్‌లో రాయండి. ఎర్తింగ్ అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి సంతకం తీసుకోండి. శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్. సౌండ్ కంట్రోల్ దగ్గర మీటరు పెట్టి దాన్ని పాటించండి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు అందుబాటులో ఉంచండి. తాగునీరు ఉచితంగా, ఒకటికి మించిన చోట్ల. ఆరు గంటలకు మించి సాగే ఉత్సవాలకు ప్రతి 100 మంది స్త్రీలకు కనీసం ఒక టాయిలెట్ ఉండాలి. మీ జనంలో సగం మంది స్త్రీలైతే వాళ్లకే కనీసం ఇరవై కావాలి. ఇక్కడ పొదుపు చేస్తే ఎంత మంచి సంగీతం పెట్టినా జనం గుర్తుపెట్టుకునేది ఆ క్యూనే.

ఒప్పందాల్లో రెండు సంగతులు తప్పకుండా చూడండి. వాతావరణం వల్ల ఆగిపోతే ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది స్పష్టంగా ఉందా? బృందాలకు మిగతా డబ్బు ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా అందుతుంది? రెండోదానికి టైము రాసిపెట్టి ఆ టైముకే ఇచ్చేయండి. డబ్బు కోసం స్టేజ్ వెనక ఎదురుచూసిన ఆర్టిస్టు మీ దగ్గరికి మళ్లీ రారు. పాటల హక్కులకు సంబంధించిన లైసెన్సు, బీమా, అనుమతులు మీ టీమ్‌లో ఒకరికి అప్పగించి, ఎప్పటిలోగా రావాలో తేదీలు పెట్టండి.

ఆఖరి బృందం దిగాక కూడా మీ పని అయిపోదు. సామాను విప్పే ఆ గంటల్లో అందరూ అలసిపోయి ఉంటారు, త్వరగా ఇంటికి పోవాలని ఉంటుంది, చీకట్లో బరువులు దిగుతుంటాయి. దెబ్బలు తగిలేది ఎక్కువగా అప్పుడే. జనం మొత్తం బయటికి వెళ్లేదాకా లోపలికి ఒక్క లారీ రాకూడదు. స్టేజ్ మీద పని చేసేవాళ్లంతా హెల్మెట్లు పెట్టుకోవాలి. పొద్దుటి నుంచి ఉన్నవాళ్ల చోట కొత్త షిఫ్టు దిగాలి. బడ్జెట్‌లో ఈ రెండో షిఫ్టుకు డబ్బు ఇప్పుడే పక్కన పెట్టండి, చివర్లో అడిగితే మిగలదంటారు.

మీ రెండు స్టేజీల మధ్య దూరం ఎంతో, పదకొండు బృందాల్లో సొంత ఇంజనీర్‌తో వచ్చేవాళ్లు ఎవరో, డ్రమ్స్ ఉన్నవి ఎన్నో రాయండి. చేంజోవర్‌లకు ఎంతెంత పెట్టాలో, ఎవరి తర్వాత ఎవరిని పెడితే పని తేలికవుతుందో లెక్కగట్టి చెప్తాను.